చిలుం

రాత్రి తొలివాన పడింది.
తెల్లారకముందే నాగరత్నక్క, ఆమె తోటికోడలు, ఇంకో ఇద్దరు
జొన్నరొట్టెలు మూటగట్టుకోని వచ్చి
ఉరవకొండ బస్టాండు కాడ నా ఇండికాలో కూచున్నారు.
వజ్రకరూరు చేలల్లో
వాన కడిగిన రాళ్ల మీద ఎండ పడే యాళకి
మేం ఆడుండాల.

తాళం తిప్పినా.
టక్.
ఇంకోసారి తిప్పినా. టక్.
ముందర దీపాలు,
నిద్రలో లేపితే ఓసారి చూసి మళ్లా పండుకునే పిల్లోళ్ల మాదిరి.

కొండమీద గాలిమరలు మాత్రం
ఎవరూ తాళం తిప్పకుండానే తిరగతాండాయి.

టీ బంకు కాడ అందరూ డాక్టర్లే.
"బ్యాటరీ పోయింటాది."
యాడ పోతాది సామీ, మొన్న శనివారమే కొత్తది ఏసినా,
ఐదువేల రెండునూర్లు, అందులో సగం అప్పు.
"అట్లయితే సెల్ఫు మోటారు."
"ఇంజనే పట్టేసింది పో."
ఒకాయన ఏమీ చెప్పకుండా టైరును తన్ని చూసి
టీ తాగను పోయినాడు.
ఆడోళ్లు దిగి కొంగులు బిగించి నెట్టినారు గానీ
బురదలో చక్రం జారిందే తప్ప బండి లేయలేదు.

సెక్షావలి మోపెడ్ మీద వచ్చినాడు.
పాత బిస్కెట్ల డబ్బాలో ఒక ముల్లు మీటరు,
రెండు స్పానర్లు, ఉప్పుకాగితం ముక్క. అంతే సామాను.
బానెట్ ఎత్తి శానాసేపు దేన్నీ ముట్టుకోలేదు.
"హెడ్లైటు ఏసి సెల్ఫు కొట్టు."
లైటు సచ్చి బతికింది.
బ్యాటరీ బొడిపెల మీద సూదులు పెట్టినాడు. "కొట్టు."
ముల్లు పన్నెండు దిగలేదు.
"డ్యాం నిండా నీళ్లుండాయి" అన్నాడు తనలో తనే.
ఒక సూది మైనస్ బొడిపె మీద, ఇంకోటి ఇంజను ఒంటిమీద. "కొట్టు."
సున్నా కాడ నిలబడాల్సిన ముల్లు
ఆరు దాటింది.
"మూరెడు తీగ ఎర్రిస్వామీ,
మూరెడు దావలోనే సగం యాడికో పోతాండాది."

మా నాయన చేను గుర్తొచ్చింది.
హెచ్చెల్సీ కాలువకి చిట్టచివర మాది.
డ్యాం నిండిందని పేపర్లో బొమ్మ వచ్చిన రోజు గూడా
మా తూము కాడ కప్పలు ఎండినాయి.
మా నాయన ఆ ఏడు విత్తనం మార్చినాడు.
మళ్లేడు ఎద్దుల్ని మార్చినాడు.

సెక్షావలి రెండు వేళ్లతో తీగను పట్టుకున్నాడు,
నాడి చూసినట్ల.
"ముట్టుకో. యాడ ఇరుక్కుంటాదో ఆడ కాలతాది."
ఎండలో పెట్టిన చెంబు మాదిరి కాలింది.

పైన నల్లతోలు నున్నగా ఉంది.
నేనే గదా అమాసకోసారి తుడిచి
పసుపు గూడా పెడతాండా.
బ్లేడుతో నిలువునా చీల్చినాడు.
లోపల రాగి లేదు.
చిలుం. పచ్చగా, పొడిపొడిగా.
ఎన్నో పోగుల్లో ఏడో ఎనిమిదో మిగిలి
ఇన్నాళ్లూ బండినంతా మోసినాయి.

నాగరత్నక్క కిటికీలోంచి తల బయటబెట్టింది.
"ఏమప్పా, దొరికిందా?"
"దొరికిందక్కా. మీరు వజ్రానికి పోతాంటిరి,
పచ్చ ఈడనే దొరికింది."
ఆమె అరచేతిలో ఇంత రాల్చినాడు.
ఆమె నవ్వలేదు. వేలితో రుద్ది చూసి,
"చింతపండేసి తోమితే పోదా?" అంది.
"పైన పడితే పోతాదక్కా.
ఇది లోపల."

లారీ షెడ్డు నుంచి లావు తీగ తెచ్చి బిగించినాడు.
తీగకి, చేతికి కలిపి నాలుగునూర్లు.
ఒక్క తిప్పుకే లేసింది బండి,
పేరు పెట్టి పిలిస్తే పలికినట్ల.

అప్పటికి ఎండ బారెడెక్కింది.
ఆ పొద్దు ఎవరికీ ఏమీ దొరకలేదు,
నాగరత్నక్కకి ఒక గాజుపెంకు తప్ప.

రాత్రి పండుకుంటే నిద్ర రాలేదు.
పాత బ్యాటరీని ఎక్స్ఛేంజిలో
ఆరునూర్లకి ఇచ్చేసినా.
ఇచ్చేటప్పుడు కాలితో పక్కకి నూకినా గూడా.
దాని తప్పేమీ లేదు.
ఇప్పుడు ఆ మాట
ఎవురితో చెప్పాల?